విద్యార్థి బహుమాధ్యమ ప్రాజెక్టు - సరౌండ్ సౌండ్: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దృశ్యం, స్వతంత్ర సంగీతం, సరౌండ్ సౌండ్ - ఈ మూడింటినీ ఒకే రచనగా కూర్చే బహుమాధ్యమ ప్రాజెక్టు నేడు మాధ్యమ విద్యలో భాగమైంది. ఈ మూడు అంశాల చరిత్రలోనూ విద్యాసంస్థల ఆవరణలో జరిగిన ప్రయోగాలకు చోటుంది. 1960ల చివర, 1970ల ఆరంభంలో ఆక్స్‌ఫర్డ్, లాస్ ఏంజెలెస్, అహ్మదాబాద్ నగరాల్లో జరిగిన మూడు ప్రయత్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడూ దాదాపు ఒకే కాలానివి. వాటి తరువాతి గతి మాత్రం వేరు. ఒకటి సిద్ధాంతంగా నిలిచింది. ఒకటి పరిశ్రమలోకి ప్రవహించింది. ఒకటి నాలుగున్నర దశాబ్దాలకు పైగా టేపుల్లో నిద్రించింది. ఈ తేడాకు పరికరాల నాణ్యతకన్నా, పని చేసిన పద్ధతి నమోదు కావడం, చేతులు మారడం ముఖ్యకారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వెలుగులో తెలుగు ప్రాంతాల విద్యార్థి ప్రాజెక్టులకు అవసరమైన నమోదు విధానాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: సరౌండ్ సౌండ్, బహుమాధ్యమం, విద్యార్థి ప్రాజెక్టు, ఆంబిసోనిక్స్, ఎలక్ట్రానిక్ సంగీతం, ధ్వని రూపకల్పన, భద్రపరచడం.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక చరిత్రను సాధారణంగా సంస్థల చరిత్రగా, పేటెంట్ల చరిత్రగా రాయడం పరిపాటి. సరౌండ్ సౌండ్ చరిత్ర కూడా అలాగే చెప్పబడుతూ వచ్చింది. స్టూడియోలు, పరికరాల తయారీదారులు, పెద్ద చిత్రాలు ఆ కథనంలో ముందు వరుసలో ఉంటాయి. విద్యార్థులు చేసిన పని అందులో జీవితచరిత్రల తొలి అధ్యాయంగా మాత్రమే కనిపిస్తుంది. ఫలానా దర్శకుడు చదువుకునే రోజుల్లో ఒక చిన్న చిత్రం తీశాడు అన్నంతవరకే దాని ప్రస్తావన.

ఈ దృష్టి రెండు విధాల లోపభూయిష్ఠం. మొదటిది, మార్కెట్టు అంగీకరించని ప్రశ్నలను అడిగే వెసులుబాటు విద్యాసంస్థల్లోనే ఉండేది. రెండవది, విద్యార్థి ప్రాజెక్టు మూల్యాంకనంతో ముగిసిపోతుందన్న భావన వల్ల దాన్ని భద్రపరచవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. కాబట్టి ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్న ఒక్కటే: ప్రాజెక్టు ముగిసిన తరువాత ఏమి మిగిలింది? అలా మిగలడానికి, మిగలకపోవడానికి కారణాలేమిటి?

2. పూర్వరంగం (1931-1958):

వినేవాడి చుట్టూ ధ్వనిని అమర్చాలన్న ఆలోచన సినిమాతో ముడిపడి పుట్టింది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ 1931 డిసెంబరులో స్టీరియో ధ్వనికి సంబంధించిన పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తెరమీద నటుడు ఎటు కదిలితే స్వరం కూడా అటే కదలాలన్నది ఆయన లక్ష్యాల్లో ఒకటి. 1940 నవంబరులో న్యూయార్క్‌లో విడుదలైన డిస్నీ చిత్రం 'ఫాంటాసియా' కోసం 'ఫాంటాసౌండ్' అనే బహుళ ఛానెళ్ల వ్యవస్థను రూపొందించారు. ఒక్కొక్క థియేటరులో దాన్ని అమర్చడానికి అయ్యే వ్యయం, యుద్ధకాలపు పరిస్థితులు కలిసి ఆ వ్యవస్థను కొద్ది నగరాలకే పరిమితం చేశాయి. 1952లో సినెరామా ఏడు మాగ్నెటిక్ ట్రాకులతోనూ, 1953లో 'ది రోబ్' చిత్రం ద్వారా సినిమాస్కోప్ నాలుగు ట్రాకులతోనూ ప్రేక్షకుల ముందుకు వచ్చాయి.

సంగీతరంగంలో ఈ ప్రయత్నం మరో దారిన సాగింది. 1956లో స్టాక్‌హౌజెన్ కొలోన్ నగరంలో ఒక బాలుడి గాత్రాన్నీ ఎలక్ట్రానిక్ ధ్వనులనూ కలిపి, సభామందిరం చుట్టూ ఉంచిన స్పీకర్ల గుంపుల ద్వారా వినిపించాడు. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ మంటపం బహుమాధ్యమ రచనకు తొలి ప్రసిద్ధ ఉదాహరణగా నిలిచింది. లె కార్బూజియే రూపొందించిన దృశ్యమాలిక, వరేజ్ కూర్చిన టేపు సంగీతం, జెనాకిస్ గణించిన వంపు గోడలు, ఆ గోడల నిండా అమర్చిన మూడు వందలకు పైగా స్పీకర్లు కలిసి సుమారు 8 నిమిషాల అనుభవాన్నిచ్చాయి. ప్రదర్శన ముగిశాక మంటపాన్ని కూల్చివేశారు. సంగీతం టేపులో మిగిలింది. ఆ సంగీతం ఏ గోడనుంచి ఏ గోడకు ప్రయాణించిందో అనుభవించే అవకాశం మంటపంతోపాటే పోయింది. ధ్వనికీ స్థలానికీ ఉన్న ఈ సంబంధం, ఆ సంబంధాన్ని నిలుపుకోవడంలోని కష్టం తరువాతి చరిత్ర అంతటా కనిపిస్తాయి.

3. ఆక్స్‌ఫర్డ్: స్థలాన్ని నమోదు చేయడం

1960లలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టేప్ రికార్డింగ్ సొసైటీ పేరుతో ఒక విద్యార్థి సంఘం ఉండేది. గణితశాస్త్ర విద్యార్థి మైకేల్ గెర్జన్ (1945-1996), ఆయన సహచరుడు పీటర్ క్రేవెన్ ఆ సంఘంలో సభ్యులు. కచేరీలను రికార్డు చేయడం సంఘం పని. ఆ పనిలోనే గెర్జన్‌కు మౌలికమైన ప్రశ్న ఎదురైంది: ఒక మందిరంలో ఒక బిందువు వద్దకు అన్ని దిక్కులనుంచీ వచ్చే ధ్వనిని ఎన్ని ఛానెళ్లతో సంపూర్ణంగా పట్టుకోవచ్చు?

అదే కాలంలో పరిశ్రమ 'క్వాడ్రఫోనిక్' రికార్డులను ప్రచారంలోకి తెచ్చింది. గదికి నాలుగు మూలల్లో నాలుగు స్పీకర్లు ఉంచితే చుట్టూ ధ్వని వస్తుందన్నది వాటి వెనుక ఉన్న భావన. ఒకదానితో ఒకటి పొసగని పద్ధతులు పోటీపడ్డాయి. 1970లు ముగిసేసరికి ఆ వ్యాపారం దెబ్బతిన్నది. నాలుగు స్పీకర్లలో పక్కపక్కనున్న రెండింటి మధ్య ధ్వనిని పంచినంత మాత్రాన పక్కవైపు ధ్వని స్థిరంగా నిలవదని గెర్జన్ వినికిడి సిద్ధాంతం ఆధారంగా వాదించాడు. ఆయన దృష్టిలో స్పీకర్ల సంఖ్యనుంచి మొదలుపెట్టడమే పొరపాటు. ముందుగా ధ్వనిక్షేత్రాన్ని వర్ణించాలి. స్పీకర్ల అమరిక ఆ తరువాతి విషయం.

ఈ ఆలోచనే 'ఆంబిసోనిక్స్'గా రూపొందింది. దాని ప్రథమస్థాయి రూపంలో నాలుగు సంకేతాలుంటాయి. ఒకటి అన్ని దిక్కుల ధ్వనిపీడనాన్ని నమోదు చేస్తుంది. మిగిలిన మూడు వరుసగా ముందు-వెనుక, ఎడమ-కుడి, పైన-కింద దిశల తేడాలను నమోదు చేస్తాయి. వినే గదిలో స్పీకర్లు ఎన్ని ఉన్నా, ఎక్కడ ఉన్నా, ఈ నాలుగు సంకేతాలనుంచి వాటికి తగిన ధ్వనిని గణించవచ్చు. చతుర్ముఖి ఆకారంలో అమర్చిన నాలుగు మైక్రోఫోన్లతో ఇలాంటి రికార్డింగు చేయవచ్చునని గెర్జన్ 1971లో పత్రికాముఖంగా వివరించాడు. ఎత్తును కూడా కలుపుకొన్న ధ్వని పునరుత్పత్తిపై ఆయన రాసిన పరిశోధనపత్రం 1973లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వెలువడింది. క్రేవెన్‌తో కలిసి రూపొందించిన మైక్రోఫోన్ పద్ధతికి పేటెంటు లభించింది. రీడింగ్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫెల్గెట్ ఈ కృషిలో భాగస్వామి అయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వరంగంలోని జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ దీనికి అండగా నిలిచింది.

వ్యాపారపరంగా ఆంబిసోనిక్స్ ఆనాడు విజయం సాధించలేదు. క్వాడ్రఫోనిక్ వైఫల్యం తరువాత కొత్త పద్ధతిని నెత్తికెత్తుకోవడానికి పరిశ్రమ ముందుకు రాలేదు. అయినా ఆ సిద్ధాంతం చెక్కుచెదరలేదు. గణిత సూత్రాలు, మైక్రోఫోన్ అమరిక, డీకోడింగు విధానం అన్నీ ముద్రితరూపంలో ఉన్నాయి. అందుకే 2016లో యూట్యూబ్ 360 డిగ్రీల వీడియోలకు దిశాధ్వనిని ప్రవేశపెట్టినప్పుడు ప్రథమస్థాయి ఆంబిసోనిక్స్‌ను ఆధారంగా తీసుకోగలిగింది. తల తిప్పినప్పుడు ధ్వని కూడా తగినట్లు తిరగడానికి స్పీకర్ల అమరికతో నిమిత్తం లేని వర్ణన అవసరం. నాలుగు దశాబ్దాలకు ముందే ఆ వర్ణన సిద్ధమై ఉంది.

4. లాస్ ఏంజెలెస్: దృశ్యం, ధ్వనుల పొందిక

1967లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జార్జ్ లూకాస్ 'ఎలక్ట్రానిక్ లాబిరింత్: టి.హెచ్.ఎక్స్. 1138 4ఇ.బి.' అనే 15 నిమిషాల చిత్రాన్ని తీశాడు. నిఘానీడలో ఉన్న భవిష్యత్ నగరంనుంచి ఒక వ్యక్తి తప్పించుకొని పరుగెత్తడమే ఇతివృత్తం. ఆ ఆలోచన సహవిద్యార్థులు మాథ్యూ రాబిన్స్, వాల్టర్ మర్చ్‌లది. విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందుతున్న నౌకాదళ విద్యార్థుల తరగతికి లూకాస్ సహాయకుడిగా ఉండేవాడు. వారికి కేటాయించిన కలర్ ఫిల్ము, పరికరాలు ఈ చిత్రనిర్మాణానికి ఉపయోగపడ్డాయి.

ఈ చిత్రంలో సరౌండ్ సౌండ్ లేదు. స్వతంత్ర సంగీతం కూడా లేదు. అయినా ధ్వనిచరిత్రలో దీని స్థానం గణనీయం. భవిష్యత్ నగరాన్ని కట్టడానికి డబ్బు లేని విద్యార్థి ఆ నగరాన్ని ప్రధానంగా ధ్వనితో కట్టాడు. రేడియో సంభాషణలు, యంత్రాల రొద, అధికారుల ఆదేశాలు, అర్థమయీ కాని గొంతులు పొరలు పొరలుగా వినిపిస్తాయి. తెరమీద కనిపించని గదులు, కాపలాదారులు, యంత్రాలు ఆ గొంతుల్లో ఉంటాయి. తెరకు బయట ఉన్న లోకాన్ని చెవికి చూపడమే సరౌండ్ సౌండ్ వెనుక ఉన్న కళాసూత్రం. ఒకే ఛానెల్ ఉన్న ఈ చిత్రంలో ఆ సూత్రం ముందే పనిచేసింది.

1968లో జాతీయ విద్యార్థి చలనచిత్రోత్సవంలో ఈ చిత్రానికి బహుమతి లభించింది. 1971లో లూకాస్ దీన్ని పూర్తి నిడివి చిత్రంగా విస్తరించినప్పుడు మర్చ్ సహరచయితగా, ధ్వనికూర్పరిగా పనిచేశాడు. 1973 నాటి 'అమెరికన్ గ్రాఫిటీ' కోసం మర్చ్ ఒక పద్ధతిని విరివిగా ఉపయోగించాడు. రికార్డు చేసిన రేడియో కార్యక్రమాన్ని ఆరుబయట స్పీకరులో వినిపిస్తూ, స్పీకరునూ మైక్రోఫోన్‌నూ కదిలిస్తూ మళ్లీ రికార్డు చేయడమే ఆ పద్ధతి. దానివల్ల స్టూడియోలో పుట్టిన ధ్వనికి నిజమైన స్థలం అబ్బుతుంది. ఖరీదైన యంత్రమేదీ దీనికి అవసరం లేదు.

1979లో కొప్పోలా దర్శకత్వంలో వచ్చిన 'అపోకలిప్స్ నౌ' 70 ఎం.ఎం. ప్రతుల్లో తెరవెనుక మూడు ఛానెళ్లు, ప్రేక్షకుల ఎడమ, కుడివైపుల రెండు వేర్వేరు ఛానెళ్లు, అల్పతరంగాలకు ఒక ఛానెల్ ఉన్నాయి. చిత్రారంభంలో హెలికాప్టర్ రెక్కల చప్పుడు ప్రేక్షకుల చుట్టూ తిరుగుతుంది. ఈ అమరికే తరువాత 5.1గా స్థిరపడిన నమూనాకు ఆధారమైంది. ఈ చిత్రానికి మర్చ్ బృందం ఉత్తమ ధ్వనికి ఆస్కార్ అందుకుంది. 1983లో లూకాస్ సంస్థ థియేటర్ల ధ్వని నాణ్యతకు ప్రమాణాలు నెలకొల్పినప్పుడు వాటికి పెట్టిన టి.హెచ్.ఎక్స్. అన్న పేరు విద్యార్థి చిత్రంలోని పాత్ర పేరును గుర్తుచేస్తుంది. మూలచిత్రాన్ని 2010లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు.

ఇక్కడ విద్యార్థి ప్రాజెక్టును నిలిపినది గ్రంథరూపంలోని సిద్ధాంతం కాదు. ఒకే తరగతి గదులనుంచి వచ్చిన వ్యక్తులు పుష్కరకాలం పాటు కలిసి పనిచేయడం వల్ల ఆ పద్ధతి చేతినుంచి చేతికి మారింది.

5. అహ్మదాబాద్: స్వతంత్ర సంగీతం

చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. గౌతమ్ సారాభాయ్, గిరా సారాభాయ్ ఆ సంస్థకు రూపుదిద్దారు. వారి సోదరి గీతా సారాభాయ్ సంగీత విదుషి. 1946లో న్యూయార్క్‌లో ఆమె జాన్ కేజ్ వద్ద పాశ్చాత్య సంగీతాన్ని అభ్యసిస్తూ, ఆయనకు భారతీయ సంగీతాన్ని బోధించింది. ఆ పరిచయం ఫలితంగా కేజ్ సన్నిహితుడు, పియానో కళాకారుడు, ఎలక్ట్రానిక్ సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ 1969లో అహ్మదాబాద్‌కు వచ్చాడు. మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌తో, టేపు యంత్రాలతో ఆ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పాడు.

అందులో పనిచేసినవారందరూ విద్యార్థులు కారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ అందులో స్వరరచనలు చేశారు. వారిలో పిన్నవయస్కుడు జిన్‌రాజ్ జోషిపురా అప్పటికి ఆర్కిటెక్చర్ విద్యార్థి. ఆయన 'స్పేస్ లైనర్ 2001' అనే పేరుతో రచనలు చేశాడు. సంగీత సంప్రదాయపు బరువు లేని ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి సింథసైజర్ ముందు కూర్చొని అంతరిక్షయానాన్ని ధ్వనిలో ఊహించడానికి వీలు కల్పించిన చోటు అది.

ఈ స్టూడియో బహుమాధ్యమ స్వభావాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. అక్కడ తయారైన వాటిలో నీడలాటకు ధ్వనిపథం ఉంది. నృత్యానికి ఉద్దేశించిన సంగీతం ఉంది. 1970లో జపాన్‌లోని ఒసాకా ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన రికార్డింగులు ఉన్నాయి. అదే ఒసాకా ప్రదర్శనలో పెప్సీ మంటపం గుమ్మటం నిండా అమర్చిన 37 స్పీకర్లతో ట్యూడర్ పనిచేశాడు. కొద్ది దూరంలోని జర్మన్ మంటపంలో గోళాకార సభామందిరంలో స్టాక్‌హౌజెన్ సంగీతం వినిపించింది. అంటే అహ్మదాబాద్ స్టూడియో ఆనాటి ప్రపంచ ధ్వని ప్రయోగాలకు దూరంగా ఏమీ లేదు.

1972 తరువాత ఈ కృషి ముందుకు సాగలేదు. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. 2017లో బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని గుర్తించి డిజిటల్ రూపంలోకి తెచ్చే పనికి పూనుకున్నాడు. 2020లో బి.బి.సి. రేడియో 3 ఈ కథను ప్రసారం చేసింది. 2023లో ఎంపిక చేసిన రచనలు సంపుటిగా విడుదలయ్యాయి. భారతీయ ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రను చాలాకాలంపాటు 1980ల సినిమా సంగీతంతో మొదలుపెట్టడానికి ఒక కారణం ఈ నిశ్శబ్దమే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చరిత్రకారుడికి ముఖ్యం. ఆనాటి మాడ్యులర్ సింథసైజర్‌కు జ్ఞాపకం లేదు. ఏ తీగ ఏ రంధ్రంలో ఉంది, ఏ బిరడా ఎంత తిప్పి ఉంది అన్నదే ఆ ధ్వనికి మూలం. తీగలు ఊడదీయగానే ఆ ధ్వని మాయమవుతుంది. టేపు ఫలితాన్ని మాత్రమే చూపుతుంది. ఆ ఫలితానికి దారితీసిన నిర్ణయాలను చూపదు. అమరికలను కాగితంమీద గీసి ఉంచితేనే మరొకరు ఆ పనిని అక్కడినుంచి కొనసాగించగలరు.

6. మూడు ఉదాహరణల తులన:

మూడు ప్రయత్నాలనూ పక్కపక్కన ఉంచితే ఒక విషయం తేటపడుతుంది. నేటి విద్యార్థి ప్రాజెక్టులోని మూడు అంగాలు ఆనాడు మూడు చోట్ల విడివిడిగా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో స్థలం ఉంది; దృశ్యం లేదు. లాస్ ఏంజెలెస్‌లో దృశ్యం, ధ్వనుల పొందిక ఉంది. తొలిదశలో స్థలం, స్వతంత్ర సంగీతం లేవు. అహ్మదాబాద్‌లో స్వతంత్ర సంగీతం ఉంది. నీడలాట, నృత్యం వంటి దృశ్యకళలతో దానికి సంబంధం ఉంది. ఆ రచనలు నేడు వినిపించేది టేపు రూపంలో మాత్రమే.

పరికరాల దృష్టితో చూస్తే అహ్మదాబాద్ వెనుకబడి లేదు. మోగ్ సింథసైజర్ ఆనాడు ప్రపంచంలోనే కొద్దిచోట్ల ఉన్న యంత్రం. ప్రతిభ దృష్టితో చూసినా లోటు లేదు. తేడా వేరొక చోట ఉంది. ఆక్స్‌ఫర్డ్ ప్రయోగం పత్రికల్లో, పేటెంట్లలో వ్యక్తమైంది. అపరిచితుడు కూడా దాన్ని చదివి పునరావృతం చేయగలడు. లాస్ ఏంజెలెస్ ప్రయోగానికి ఒక పరిశ్రమ పొరుగునే ఉంది. పట్టభద్రులు ఆ పద్ధతిని తమతో తీసుకుపోయి వృత్తిగా మలచుకున్నారు. అహ్మదాబాద్ ప్రయోగానికి ఈ రెండు దారులూ తెరుచుకోలేదు. దాన్ని తరువాతి తరానికి బోధించే పాఠ్యప్రణాళిక నిలవలేదు. దాన్ని అందిపుచ్చుకునే పరిశ్రమ అప్పటికి లేదు. మూడింటిలో దానికి మిగిలిన ఏకైక రక్షణ భాండాగారం. ఆ ఒక్క రక్షణ ఉన్నందువల్లనే నేడు దాని గురించి మాట్లాడుకోవడం సాధ్యమవుతోంది. టేపులను పారవేసి ఉంటే ఆ చరిత్ర పూర్తిగా లుప్తమయ్యేది.

7. తెలుగు ప్రాంతాల విద్యార్థి ప్రాజెక్టులకు అన్వయం:

తెలుగు ప్రేక్షకులకు బహుళ ఛానెళ్ల ధ్వని సినిమాద్వారా పరిచయమైంది. 1986లో కృష్ణ నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం. అది ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో విడుదలైంది. ఆనాడు ఈ ధ్వని పెద్ద నిర్మాణ సంస్థలకే అందుబాటులో ఉండేది. ఈనాడు సాధారణ కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేస్, ఐదారు స్పీకర్లు ఉన్న ఏ కళాశాలలోనైనా విద్యార్థి సరౌండ్ సౌండ్ ప్రాజెక్టు చేయగలడు. అందువల్ల పరికరాల కొరత కన్నా పద్ధతి కొరత, నమోదు కొరత ఇప్పుడు ముఖ్యమైన సమస్యలు.

పద్ధతిని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. తోలుబొమ్మలాటను ఇతివృత్తంగా తీసుకొని ఒక విద్యార్థి బృందం 10 నిమిషాల బహుమాధ్యమ ప్రాజెక్టు రూపొందిస్తున్నదనుకుందాం. ఆటలో గాయకులు, వాద్యకారులు, బొమ్మలు ఆడించేవారు అందరూ తెరవెనుకనే ఉంటారు. యుద్ధఘట్టాల్లో కాళ్ల కింది చెక్కపలకలను తొక్కి చప్పుడు పుట్టిస్తారు. అంటే ఆట ధ్వని అంతా సహజంగా ముందునుంచే వస్తుంది. ప్రేక్షకుడి వెనుకనుంచి వచ్చేది ఊరి రాత్రి: పిల్లల మాటలు, కీచురాళ్ల రొద, దూరపు కుక్కల అరుపులు. కాబట్టి కథకుడి గొంతు మధ్య ఛానెల్లో, వాద్యాలు ఎడమ-కుడి ఛానెళ్లలో, పలకల చప్పుడులోని బరువు అల్పతరంగ ఛానెల్లో, ఊరి వాతావరణం వెనుక ఛానెళ్లలో ఉండడం ఒక సమంజసమైన అమరిక. యుద్ధఘట్టంలో పలకల చప్పుడును వెనుకకు తిప్పితే ప్రేక్షకుడు తెరముందునుంచి తెరవెనుకకు వెళ్లినట్లవుతుంది. అది రచనాపరమైన నిర్ణయం. దానికి సంగీతం కూడా సహకరించాలి. అంటే స్వరకర్త, దృశ్యకర్త, ధ్వనికర్త ఈ నిర్ణయాన్ని స్క్రిప్టు దశలోనే కలిసి తీసుకోవాలి. స్టీరియోలో పూర్తయిన సంగీతాన్ని చివరిరోజున ఐదు స్పీకర్లకు పంచడం వల్ల ధ్వని విస్తరిస్తుందేగాని అర్థం విస్తరించదు.

5.1 అమరికకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1992లో మార్గదర్శక ప్రమాణాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మధ్య స్పీకరు శ్రోతకు సూటిగా, ఎడమ-కుడి స్పీకర్లు చెరొక 30 డిగ్రీల కోణంలో, వెనుక జంట చెరొక 100-120 డిగ్రీల కోణంలో ఉండాలి. మూల్యాంకనం జరిగే గదిలో ఈ అమరిక లేకపోతే ఆరు ఛానెళ్లను రెండింటికి కుదించవలసి వస్తుంది. ఆ కుదింపులో సాధారణంగా మధ్య, వెనుక ఛానెళ్లను సుమారు 0.7 గుణకంతో తగ్గించి ఎడమ-కుడి ఛానెళ్లకు కలుపుతారు. అల్పతరంగ ఛానెల్‌ను తరచు వదిలివేస్తారు. పలకల బరువంతా ఆ ఛానెల్లోనే ఉంచిన విద్యార్థి యుద్ధఘట్టం పరీక్షకుడికి వినపడదు. కాబట్టి కుదించిన రూపాన్ని కూడా ముందుగా విని సరిచూసుకోవడం ప్రాజెక్టులో భాగం కావాలి.

నమోదు విషయంలో పై మూడు చరిత్రలు స్పష్టమైన మార్గాన్ని చూపుతున్నాయి. ప్రాజెక్టుతోపాటు ఈ కిందివి విభాగ గ్రంథాలయంలో చేరడం అవసరం:

- మాట, సంగీతం, ధ్వనిప్రభావాలు విడివిడిగా ఉన్న ఆడియో ఫైళ్లు. వాటి ఛానెళ్ల వరుస.
- పూర్తి సరౌండ్ మిశ్రమం, దాని స్టీరియో రూపం.
- రికార్డింగు స్థలం, మైక్రోఫోన్ల అమరిక, స్పీకర్ల అమరికలను చూపే రేఖాచిత్రాలు.
- సంగీతానికి స్వరలిపి లేదా వాద్యాల, సింథసైజర్ అమరికల వివరణ.
- ప్రధానమైన ధ్వని నిర్ణయాలకు కారణాలు తెలిపే రెండు మూడు పుటల నివేదిక.
- పాల్గొన్న కళాకారుల పేర్లు, వారి అనుమతి పత్రాలు.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలు ఒక్కటే భద్రపరచడం చాలదు. సాఫ్ట్‌వేర్ మారితే, ప్లగిన్ అందుబాటులో లేకపోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు అది తీగలు ఊడదీసిన సింథసైజర్‌తో సమానం. స్థలాభావం కూడా అడ్డంకి కాదు. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల ప్రమాణంలో ఆరు ఛానెళ్ల 10 నిమిషాల ధ్వనికి సుమారు 518 మెగాబైట్ల స్థలం సరిపోతుంది. ఒక సాధారణ పెన్‌డ్రైవ్‌లో అటువంటివి అనేకం పడతాయి. ఒక ప్రతి విభాగంలో, మరొక ప్రతి వేరొక చోట ఉంచడానికి అయ్యే వ్యయం అత్యల్పం.

తెలుగు ప్రాంతాల సందర్భంలో ఈ నమోదుకు మరొక ప్రయోజనం ఉంది. తోలుబొమ్మలాట, బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ వంటి రూపాలను ఇతివృత్తాలుగా తీసుకునే ప్రతి విద్యార్థి ప్రాజెక్టు తెలియకుండానే క్షేత్రపరిశోధన కూడా అవుతుంది. ఆ కళాకారుల గొంతు, వాద్యం, వారు ఆడే చోటి ధ్వనివాతావరణం విడిఫైళ్లలో ఉంటాయి. మిశ్రమంలో కలిసిపోయిన తరువాత వాటిని తిరిగి విడదీయడం కష్టం. జానపద విజ్ఞాన పరిశోధకుడికి రేపు అక్కరకు వచ్చేవి ఆ విడిఫైళ్లే.

8. ముగింపు:

విద్యార్థి ప్రాజెక్టును మార్కుల పట్టికతో ముగిసే అభ్యాసంగా చూడడం చరిత్రరీత్యా సమర్థనీయం కాదు. ఒక విద్యార్థి సంఘపు రికార్డింగుల్లో మొదలైన ప్రశ్న నేటి 360 డిగ్రీల వీడియోలకు ధ్వనిని ఇచ్చింది. 15 నిమిషాల విద్యార్థి చిత్రంలో పొరలుగా పేర్చిన గొంతుల ఆలోచన థియేటర్ల ధ్వనిని మార్చిన బృందానికి పునాది అయింది. అహ్మదాబాద్‌లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి చేసిన రచన దాదాపు అర్ధశతాబ్దం తరువాత శ్రోతలను చేరింది. ఆ మధ్యకాలంలో దాన్ని విని స్ఫూర్తి పొందవలసిన రెండు తరాల భారతీయ విద్యార్థులు దాని ఉనికినే ఎరగరు. భాండాగారం టేపును కాపాడింది. ఆ రెండు తరాల నష్టాన్ని మాత్రం పూరించలేదు.

కాబట్టి భద్రపరచడంతోపాటు వినిపించడం కూడా విభాగాల బాధ్యతగా ఉండాలి. పాత ప్రాజెక్టులను ప్రతి సంవత్సరం కొత్త విద్యార్థులకు వినిపించి, వాటి రేఖాచిత్రాలను, నివేదికలను చర్చకు పెట్టే ఏర్పాటు ఉంటే ప్రతి బృందమూ మొదటి మెట్టునుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు. ఆక్స్‌ఫర్డ్‌లో ముద్రిత పత్రం, లాస్ ఏంజెలెస్‌లో సహాధ్యాయుల బృందం చేసిన పనిని తెలుగు ప్రాంతాల్లో విభాగ గ్రంథాలయం, వార్షిక శ్రవణసభ చేయగలవు.